వి-క్రాసా, హైలక్సా? ఘాట్ ఎక్కే వాళ్లకు ఏది మేలు?

పికప్ కొనడానికి వెళ్లినవాళ్లు షోరూమ్‌లో మొదట అడిగేది పవర్ ఎంత అనే. ఇసుజు డీ-మ్యాక్స్ వి-క్రాస్ 1.9 లీటర్ల ఇంజిన్‌కు 163 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), టయోటా హైలక్స్ 2.8 లీటర్లకు 204. రెండూ టర్బో డీజిల్సే, అంటే పొగ ఊపుతో తిరిగే చక్రం ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే రకం. ఎక్కువున్నదే గొప్పదని అక్కడే తేల్చేస్తారు. కానీ ఆ పవర్ మొత్తం వచ్చేది ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు (ఆర్‌పీఎం), ఆపైన తిరిగితేనే. రోజూ అంత తొక్కి నడిపేవాళ్లు ఎంతమంది?

పాడేరు ఘాట్‌నే తీసుకోండి. వెనక నాలుగు సిమెంట్ బస్తాలు, ముందు మలుపు, ఎదురుగా బస్సు. బ్రేక్ వేసి సెకండ్ గేర్‌లోకి వచ్చేసరికి ఆర్‌పీఎం ముల్లు 1500 దగ్గర ఉంటుంది. అక్కడ బండిని పైకి లాగాల్సింది టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం; దాని కొలత ఎన్‌ఎం. వి-క్రాస్‌కు పూర్తి 360 ఎన్‌ఎం అందేది 2000 నుంచి. మాన్యువల్ హైలక్స్‌కు 1400 నుంచే 420 సిద్ధం. మాన్యువల్ వి-క్రాస్‌లో ఫస్ట్‌కి దించాలి, లేదా హాఫ్ క్లచ్ మీద లాగాలి. రెండోది అలవాటైతే క్లచ్ ప్లేట్ ఖర్చు ఖాయం.

ఆర్‌పీఎం తక్కువగా ఉన్నప్పుడు సైలెన్సర్‌వైపు వెళ్లే పొగకు టర్బో చక్రాన్ని గట్టిగా తిప్పేంత ఊపు ఉండదు. అందుకే టర్బో లోపలి రెక్కలు కొంచెం మూసుకుని దారిని ఇరుకు చేస్తాయి, గొట్టం మూతిని వేలితో నొక్కితే నీళ్లు దూరం చిమ్మినట్టు. అయినా 2.8 లీటర్ల ఇంజిన్‌కు టర్బో అందుకోకముందే కాస్త సొంత బలం ఉంటుంది. చిన్న ఇంజిన్ టర్బో మీదే ఎక్కువ ఆధారపడాలి.

మైలేజీ దగ్గరికొస్తే కథ మారుతుంది. ఖాళీ బండితో హైవే మీద 80లో పోతుంటే చిన్న ఇంజిన్‌దే పైచేయి. లోడు వేసి ఘాట్ ఎక్కిస్తే ఆ తేడా తగ్గిపోతుంది, ఎందుకంటే ఎక్కువ తొక్కాలి, గేర్ దించాలి. డీజిల్ తాగేది ఇంజిన్ సైజు ఒక్కటే కాదు, మన కుడికాలు కూడా.

ధర వి-క్రాస్‌దే తక్కువ. పైగా అది మన శ్రీసిటీలో తయారయ్యే బండి. విజయవాడ, హైదరాబాద్ మధ్య తిరుగుతూ అప్పుడప్పుడు సామాను వేసుకునేవాళ్లు అదే తీసుకోవచ్చు, మిగిలిన డబ్బు డీజిల్‌కు పనికొస్తుంది. ఏజెన్సీలో పొలమో రిసార్టో ఉండి వారానికి రెండుసార్లు కొండెక్కేవాళ్లకు మాత్రం హైలక్సే, అదీ ఆటోమేటిక్. దానికి 1600 దగ్గరే 500 ఎన్‌ఎం, క్లచ్ గొడవే లేదు.

సెకండ్ హ్యాండ్‌లో పాత 2.5 లీటర్ల వి-క్రాస్ దొరికితే 136 పీఎస్సేనని తీసిపారేయకండి. దాని 320 ఎన్‌ఎం 1800కే అందుతుంది. లోడుతో ఒకసారి ఘాట్ ఎక్కించి చూశాక బేరమాడండి.