"మిర్రర్ ఉంది, బ్యాకప్ అక్కర్లేదు" అంటే నమ్మకండి

వైజాగ్‌లో ఆఫీసుకో దుకాణానికో రెండు డిస్కుల స్టోరేజ్ బాక్సు కొనబోతున్నవాళ్లు ముందు ఇది చదవండి.

గాజువాకలో మాది శానిటరీ సామాన్ల దుకాణం. ట్యాలీ డేటా కోసమని డాబాగార్డెన్స్‌లో ఒక షాపువాళ్లు ఈ బాక్సు అంటగట్టారు. "ఇందులో మిర్రర్ ఉందండీ. ఒక డిస్కు పోయినా రెండోదాంట్లో అంతా ఉంటుంది. ఇంక బ్యాకప్ తీసే పనే లేదు" అన్నారు. చివరి మాట ఒక్కటే అబద్ధం. అదే ముంచింది.

ఒక సోమవారం పొద్దున తెరిస్తే ఫైళ్లన్నీ ర్యాన్సమ్‌వేర్, అంటే డబ్బు గుంజడానికి ఫైళ్లకు తాళం వేసే వైరస్, లాక్ చేసేసి ఉంది. బిల్లులు, బాకీలు, జీఎస్టీ లెక్కలు, అన్నీ. బాక్సు షాపుకి పట్టుకెళ్తే "డిస్కులు రెండూ కండిషన్‌లోనే ఉన్నాయి, వారంటీకి రాదు" అని చేతులు దులుపుకున్నారు. నిజమే, డిస్కులకేం కాలేదు! ఆడిటర్ గారి దగ్గరున్న కాగితాలు తెచ్చి ఇప్పటికీ లెక్కలు ఎక్కిస్తూనే ఉన్నాం.

మిర్రర్, అంటే రెయిడ్ వన్, ఒక డిస్కులో రాసిందే రెండోదాంట్లోనూ అప్పటికప్పుడు రాస్తుంది. డిస్కు చెడిపోయినా పని ఆగకూడదని పెట్టిన ఏర్పాటది. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింట్లోనూ పోతుంది. వైరస్ పాడుచేసినా అంతే. పైగా రెండూ ఉండేది ఒకే బాక్సులో, ఒకే పవర్ సప్లై మీద. దొంగ ఎత్తుకుపోయినా, హైవోల్టేజీ వచ్చినా, నీళ్లు చేరినా రెండూ కలిసే పోతాయి. 2014లో హుద్‌హుద్ చూసిన ఊరికి వేరే చెప్పాలా?

తెలిసినవాళ్లబ్బాయి చూసి ఇంకో సంగతి బయటపెట్టాడు. డిస్కుల సీరియల్ నంబర్లు పక్కపక్కవే. ఆ బ్యాచ్‌లో లోపముంటే రెండూ ఇంచుమించు ఒకేసారి పోవచ్చట. డిస్కు పోతే మెయిల్ రావాల్సిన అలర్ట్ కూడా పెట్టలేదు. ఇన్‌స్టలేషన్ ఛార్జీ మాత్రం తీసుకున్నారు.

బడ్జెట్ తక్కువైతే మిర్రర్ మానేసి అయినా సరే, విడిగా ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు కొనండి. షాపు మూసేముందు కాపీ చేసి, ఊడదీసి ఇంటికి తీసుకెళ్లండి. తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు. పాత వెర్షన్లు ఉంచే క్లౌడ్‌లో మరో కాపీ పెట్టండి. అప్పుడప్పుడు ఆ కాపీలోంచి ఫైలు తెరిచి చూసుకోండి.

అమ్మేవాళ్లు బ్యాకప్ అక్కర్లేదంటే ఆ ముక్క బిల్లు మీద రాసివ్వమని అడగండి. మా షాపువాళ్లు ఇప్పుడు అసలు ఆ మాటే అనలేదంటున్నారు.