నెస్సీ, యతి: ఏది నమ్మబుద్ధేస్తుంది?

స్కాట్లాండ్‌లోని లాక్ నెస్ సరస్సులో ఉందంటున్న సరీసృపం లాంటి వింత జంతువు నెస్సీ, హిమాలయాల్లో తిరుగుతుందంటున్న మంచుమనిషి యతి. రెండూ ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. అయినా నన్నడిగితే కాస్త యతి వైపే మొగ్గుతాను.

నెస్సీకి పెద్ద ఆధారం 1934లో లండన్ పత్రికలో వచ్చిన ఫొటో: నీళ్లలోంచి పైకి లేచిన పొడుగాటి మెడ. అది బొమ్మ సబ్‌మెరైన్‌కి అతికించిన తల అని 1994లో బయటపడింది. 2018లో సరస్సు నీళ్లలో డీఎన్‌ఏ వెతికితే సరీసృపాల జాడే లేదు. ఈల్ చేపలది మాత్రం బోలెడు.

యతి సంగతి వేరు. 1951లో బ్రిటిష్ పర్వతారోహకుడు ఎరిక్ షిప్టన్ తీసిన ఫొటోలో మంచులో దిగబడిన వెడల్పాటి అడుగు, దాని పక్కన కొలత కోసం పెట్టిన మంచుగొడ్డలి కనిపిస్తాయి. ఇలాంటి వాటికి ఎవరూ అబద్ధమాడక్కర్లేదు. ఎండకి అంచులు కరిగితే చిన్న అడుగైనా పెద్దదవుతుంది. 2019లో మన సైన్యమే నేపాల్‌లోని మకాలు పర్వతం బేస్ క్యాంప్ దగ్గర 32 అంగుళాల అడుగులు చూశామని ట్వీట్ చేసింది, నెటిజన్లు ఆడుకున్నారు!

యతివని దాచుకున్న ఎముక, వెంట్రుకల్లాంటి తొమ్మిది నమూనాలను 2017లో పరీక్షిస్తే ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. సరే, ఎలుగుబంటే అనుకుందాం. పొద్దుగూకాక ఆ మంచులో ఎదురైతే టెన్షన్ ఏమైనా తగ్గుతుందా?