నేవర్ లోయలో మకైల ఊరు

మా ఆఫీసులో పనిచేసే కెనడా మిత్రుడి ఇంటిపేరు మకై. ఆర్నెల్లపాటు ‘మెకే’ అని పిలిచాను, పాపం ఓర్చుకున్నాడు. అతని పూర్వీకులు స్కాట్లండ్ ఉత్తర కొసన ఉన్న స్ట్రాత్‌నేవర్ అనే లోయ నుంచి కెనడాలోని నోవాస్కోషియాకు వలసపోయారట. ఆ చోటు చూద్దామని జూన్‌లో ఇద్దరం బయల్దేరాం.

ఇంట్లో కూర్చుని చేసిన వెతుకులాటే ఎక్కువ ఫలితమిచ్చింది. స్కాట్లండ్ పాత రికార్డులుండే స్కాట్లండ్స్‌పీపుల్ వెబ్‌సైటులో పేర్లు వెతకడం ఉచితం, అసలు పుటలు చూడాలంటేనే డబ్బు కట్టాలి. ప్రభుత్వ జనన మరణ నమోదు 1855లో మొదలైంది. అంతకుముందువి కావాలంటే చర్చి పుస్తకాలే దిక్కు. ఆ లోయ ఉన్న ఫార్ పారిష్ (చర్చి పరిధి) పుస్తకంలో ఎక్కడ చూసినా మకైలే! ఊరి పేరు పట్టుకుని వెతికితేనే మావాడి ముత్తాతల జాడ తెలిసింది: రోసల్.

ఇన్వర్‌నెస్ నుంచి లెయిర్గ్ మీదుగా ఆల్ట్‌నహారా చేరాం. 1995 డిసెంబరు 30న మైనస్ 27.2 డిగ్రీలు నమోదైన ఊరది. మమ్మల్ని మాత్రం మిడ్జ్ అనే నలకంత దోమలు పీక్కుతిన్నాయి. అక్కడి నుంచి నేవర్ సరస్సు వెంట ఒంటి వరుస రోడ్డు. ఎదురుగా బండి వస్తే పక్కనున్న ఖాళీలోకి తప్పుకోవాలి. సొంత బండి లేకుండా ఈ లోయకు రావద్దు.

రోసల్‌లో ఇప్పుడెవరూ లేరు. గొర్రెల పెంపకానికి భూమి కావాలని సదర్లండ్ ఎస్టేటు 1814, 1818 మధ్య ఈ ఊరిని ఖాళీ చేయించింది. ఇళ్లు తగలబెట్టించాడన్న ఆరోపణపై ఎస్టేటు మనిషి పాట్రిక్ సెల్లర్‌ను 1816లో విచారించి, నిర్దోషిగా వదిలేశారు. నాటిన అడవి మధ్య ఖాళీ జాగాలో మోకాలెత్తు రాతి గోడలు, పాత దున్నకపు గట్లు మిగిలాయి. ఏ గోడ ఎవరిదో చెప్పే ఆధారం లేదు. మావాడు ఒక గడప ఎంచుకుని కాసేపు కూర్చున్నాడు. నా ఇంటిపేరూ ఒక ఊరి పేరే, అక్కడికి నేనెప్పుడూ వెళ్లలేదు.

ఒక్కపూటే ఉంటే రోసల్, బెటీహిల్ ఊళ్లోని మ్యూజియం చూడండి, మిగతావి వదిలేసినా పర్వాలేదు. మ్యూజియం పాత చర్చిలో ఉంది. ఖాళీ చేయమన్న ఆజ్ఞలను చదివారని చెప్పే వేదిక ఇంకా అక్కడే ఉంది. మేడమీద మకై వంశానికి ఒక గది కేటాయించారు. బయట శ్మశానంలోని ఫార్ శిల మీద చెక్కిన శిలువ నాకు అన్నిటికంటే నచ్చింది.

బెటీహిల్‌లో మా బస గది శుభ్రంగా ఉంది, కానీ వంటగది ఎనిమిదికే మూసేశారు. శాకాహారినైన నాకు వేయించిన బంగాళాదుంపలే దక్కాయి. బెటీహిల్ పేరు ఆ ఎస్టేటు యజమానురాలు, సదర్లండ్ కౌంటెస్ ఎలిజబెత్ మీద పెట్టిందని తెలిశాక మావాడు రెండో రాత్రి అక్కడ ఉండనన్నాడు. గది డబ్బు ముందే కట్టేశామని గుర్తుచేశాను. గొణుక్కుంటూనే ఉన్నాడు.