డిస్ట్రోఫిన్‌ను ఎవరి చేత చేయించాలి? బ్యాక్టీరియా, కీటక కణం, మానవ కణం: ఏది మేలు?

కండర క్షీణత మీద పనిచేసే ప్రయోగశాలలో కొత్తగా చేరినవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. కేటలాగు తెరిస్తే ఒకే ప్రొటీన్ పేరు కింద మూడు నాలుగు రకాలు కనిపిస్తాయి. ఒకటి ఈ. కోలై బ్యాక్టీరియాలో చేసింది, ఒకటి కీటక కణాల్లో చేసింది, ఒకటి మానవ కణాల్లో చేసింది. పేరు ఒకటే, శుద్ధత శాతం ఇంచుమించు ఒకటే, ధర మాత్రం ఒకదానికొకటి పొంతన లేనంత దూరం. ఏది తెప్పించాలి, లేదా మనమే చేసుకుంటే ఏ కణంలో చేసుకోవాలి?

వారికి నేను ఎదురు ప్రశ్న వేస్తాను. ఆ ప్రొటీన్ మీ ప్రయోగంలో ఏ పని చేయాలి? దీనికి జవాబు తెలియకుండా కొన్న ప్రొటీన్ ఎంత శుద్ధమైనదైనా తప్పు ఫలితమే ఇవ్వగలదు.

ముందు డిస్ట్రోఫిన్ సంగతి చూద్దాం. కండర కణం లోపలి ఆక్టిన్ అనే తంతు ప్రొటీన్‌ను కణపొరకు కలిపి ఉంచే ప్రొటీన్ ఇది. ఇబ్బంది దాని పరిమాణంలోనే ఉంది. 3,685 అమైనో ఆమ్లాలు, 427 కిలోడాల్టన్లు. ఎక్స్ క్రోమోజోము మీద 79 ఎక్సాన్లుగా, అంటే ప్రొటీన్ సంకేతం ఉండే ముక్కలుగా, పరుచుకున్న జన్యువు దీనిది. ఈ ప్రొటీన్ దాదాపు పూర్తిగా లేకపోతే డుషేన్ కండర క్షీణత వస్తుంది, కొంత పనిచేసేది మిగిలితే బెకర్ రకం వస్తుంది. 1987లో దీన్ని గుర్తించినప్పుడే, కండరంలోని మొత్తం ప్రొటీన్‌లో ఇది సుమారు 0.002 శాతమేనని తేలింది. అంత తక్కువ ఉన్నదాన్ని కండరం నుంచి వడగట్టి ప్రయోగాలకు చాలినంత పోగుచేయడం చాలా కష్టం. అందుకే రీకాంబినెంట్ మార్గం, అంటే జన్యువును వేరే కణంలో పెట్టి ప్రొటీన్ చేయించే దారి, పట్టాల్సి వస్తుంది. అణువు పొడవాటి తాడులా ఉంటుంది. ఒక కొసన ఆక్టిన్‌ను పట్టుకునే భాగం, ఆ తర్వాత స్పెక్ట్రిన్‌ను పోలిన 24 పునరావృత భాగాలు, వాటి వరుసలో నాలుగు కీళ్ళు, రెండో కొస దగ్గర కణపొరలోని బీటా-డిస్ట్రోగ్లైకాన్‌ను పట్టుకునే భాగం ఉంటాయి.

ఇంత పొడవైన ప్రొటీన్‌ను పూర్తిగా ఈ. కోలై చేత చేయించాలనుకోవడం వృథా ప్రయాస. గొలుసు మధ్యలో తెగిపోతుంది, తెగనిది మడత కుదరక ముద్దకడుతుంది. ముక్కల విషయంలో మాత్రం ఈ. కోలైకి సాటి లేదు. అనువైన పరిస్థితుల్లో సుమారు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, తిండి ఖర్చు తక్కువ. పది రకాల ఉత్పరివర్తనాలు పక్కపక్కన చేసి పోల్చాలన్నా వారం పది రోజుల్లో పని ముగుస్తుంది. ఆక్టిన్‌ను పట్టుకునే మొదటి భాగం సుమారు 246 అమైనో ఆమ్లాలే. దానికి చక్కెర గొలుసులు అక్కర్లేదు. సహజంగా కణం లోపలే ఉండే భాగం కనుక డైసల్ఫైడ్ బంధాల బెడద కూడా లేదు. ప్రొటీన్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ అనే రసాయనం కలిపాక కల్చర్‌ను 37 డిగ్రీల వద్దే ఉంచకుండా 18 డిగ్రీలకు దించి రాత్రంతా వదిలేస్తే చాలావరకు కరిగే స్థితిలోనే వస్తుంది. చివర నికెల్‌కు అంటుకునే హిస్టిడిన్ తోక తగిలించి నికెల్ కాలమ్ మీద వడగడితే సరిపోతుంది.

ముక్క మీద చేసిన పనిని నమ్మవచ్చా అన్న అనుమానం సహజం. దీనికి 2010లో వచ్చిన రెండు అధ్యయనాలు చక్కని జవాబు. ఒక బృందం ఆక్టిన్‌ను పట్టుకునే భాగాన్ని విడిగా తీసుకుని, రోగుల్లో కనిపించిన నాలుగు ఉత్పరివర్తనాలను పరీక్షించింది. మరో బృందం పూర్తి పొడవు డిస్ట్రోఫిన్‌లోనే ఆరు ఉత్పరివర్తనాలు పెట్టి చూసింది. 54వ స్థానంలో ల్యూసిన్‌కు బదులు ఆర్జినిన్ వచ్చే మార్పు రెండింటిలోనూ ఉంది. ఇవి ఆక్టిన్ పట్టును చెడగొట్టి రోగం తెస్తాయేమోనని ఎవరైనా ఊహిస్తారు. పూర్తి పొడవు ప్రొటీన్‌లో ఆరింటిలో ఐదు మార్పులు ఆ పట్టును నాలుగు రెట్లు తగ్గించాయి, అంటే తేడా ఉంది కానీ పెద్దది కాదు. ఆరూ కూడా ఎంతోకొంత వేడికి తొందరగా విడిపోయి గుంపుకట్టాయి. విడి ముక్క మీద పనిచేసిన బృందమూ అదే చెప్పింది: స్థిరత్వం తగ్గుతోంది, ప్రొటీన్ గుంపుకడుతోంది. రెండు వేర్వేరు దారుల్లో వెళ్ళినవారు ఒకే చోట కలుసుకున్నారు. ఈ ఒక్క కొస గురించే మీ ప్రశ్న అయితే ఈ. కోలై ముక్క చాలని నేను ధైర్యంగా చెప్పడానికి కారణం ఇదే.

ప్రశ్న మొత్తం తాడు గురించి అయితే లెక్క మారుతుంది. డిస్ట్రోఫిన్ ఆక్టిన్‌ను ఒక్క కొసతోనే పట్టుకోదు. మధ్యలోని 11 నుంచి 17 వరకు ఉన్న పునరావృత భాగాలూ పట్టుకుంటాయి. పూర్తి పొడవు అణువు ఆక్టిన్ తంతువు వెంట పడుకుని సుమారు 24 ఆక్టిన్ అణువులను కప్పుతుంది. దాని దగ్గరి చుట్టం యుట్రోఫిన్‌కు ఆ మధ్య పట్టు లేదు, అది మరో తీరులో పట్టుకుంటుంది. డిస్ట్రోఫిన్ లోటును యుట్రోఫిన్ పూడ్చగలదా అని అడిగేవారికి ఈ తేడా ప్రాణప్రదం. కొస ముక్కలను మాత్రమే పోల్చితే ఇది అసలు కనిపించదు. ఇక్కడ కీటక కణాలే మేలు. ఎస్ఎఫ్9 అనే కీటక కణాలకు, కీటకాలకు సోకే బాకులోవైరస్ ద్వారా జన్యువును అందిస్తారు. సుమారు 11,000 బేస్ జతల పొడవున్న డిస్ట్రోఫిన్ సంకేతాన్ని కూడా ఆ వైరస్ మోయగలదు. పూర్తి పొడవు డిస్ట్రోఫిన్‌ను శుద్ధి చేసి కొలతలు తీసిన బృందాలు ఈ దారినే పట్టాయి.

దీనికి కట్టాల్సిన మూల్యం ఓపిక. వైరస్‌ను తయారుచేసి, పెంచి, బలం కొలిచేసరికి వారాలు గడుస్తాయి. అదే నిల్వను మళ్ళీమళ్ళీ పెంచుతూ పోతే లోపభూయిష్టమైన వైరస్ ఎక్కువై దిగుబడి పడిపోతుంది. వైరస్ చివరికి ఆతిథ్య కణాన్ని చంపుతుంది కనుక, కోత ఆలస్యమైతే బయటపడ్డ ప్రొటీయేజులు (ప్రొటీన్లను కోసే ఎంజైములు) మన తాడును తునకలు చేస్తాయి. 48 నుంచి 72 గంటల మధ్య రెండు మూడు సమయాల్లో చిన్న నమూనాలు తీసి, ప్రొటీన్లను పరిమాణం ప్రకారం విడదీసే జెల్ మీద చూసుకోకుండా పెద్ద కల్చర్‌కు దిగవద్దు.

ఇక ఆల్ఫా-డిస్ట్రోగ్లైకాన్. ఏ విషయంలో సర్దుకున్నా దీని విషయంలో సర్దుకోకూడదని నా గట్టి అభిప్రాయం. కండర కణపొర బయట ఉండి, కణం వెలుపలి జాలికలోని లామినిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకునేది ఇదే. ఆ పట్టు దాని అమైనో ఆమ్లాల్లో లేదు, దాని మీద పెరిగిన ఒక చక్కెర గొలుసులో ఉంది. జైలోజ్, గ్లూకురోనిక్ ఆమ్లం ఒకదాని తర్వాత ఒకటిగా అల్లుకున్న ఆ గొలుసును మ్యాట్రిగ్లైకాన్ అంటారు, అల్లేది లార్జ్ అనే ఎంజైము. ఈ గొలుసు లోపించడమే కొన్ని రకాల కండర క్షీణతలకు మూలం. ఈ. కోలైకి ఈ అల్లిక రాదు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఈ. కోలైలో చేసిన ఆల్ఫా-డిస్ట్రోగ్లైకాన్‌ను లామినిన్ పూసిన ప్లేట్ల మీద వేసి, పట్టు ఎందుకు కనిపించడం లేదా అని ఉప్పు గాఢత, కాల్షియం మోతాదు మార్చుకుంటూ నెలలు పోగొట్టుకున్నాను. జెల్ మీద బ్యాండ్ ముచ్చటగా వచ్చేది. ఆ శుద్ధతే నన్ను తప్పుదారి పట్టించింది.

అయితే మానవ కణమని రాసి ఉన్నంత మాత్రాన నమ్మేయకూడదు. హెచ్ఈకే 293 అనే మానవ కణాల్లో ఈ ప్రొటీన్‌ను దండిగా చేయిస్తే, ఆ కణాల్లో సహజంగా ఉన్న లార్జ్ అంత పనికి సరిపోదు, గొలుసులు పొట్టివిగా మిగులుతాయి. లార్జ్ జన్యువును కూడా తోడుగా పంపాలి. ఇంకో మెలిక ఉంది. ప్రొటీన్ మొదట్లో ఉండే ఒక భాగాన్ని గుర్తుపట్టే లార్జ్ తన పని మొదలుపెడుతుంది. పని అయ్యాక ఫ్యూరిన్ అనే ఎంజైము ఆ భాగాన్ని కత్తిరిస్తుంది, అందుకే కండరంలోని ప్రొటీన్‌లో అది ఉండదు. కండరంలో లేనిది మనకెందుకని, జన్యువును మోసే ప్లాస్మిడ్‌లోనే దాన్ని తీసేస్తే గొలుసు పెరగదు. చేతికి వచ్చిన ప్రొటీన్‌ను ఐఐహెచ్6 యాంటీబాడీతో పరీక్షించండి. అది ఆ గొలుసునే గుర్తిస్తుంది.

లామినిన్-211 గురించి తర్జనభర్జన అక్కర్లేదు. మూడు గొలుసులు కలిసి డైసల్ఫైడ్ బంధాలతో ముడిపడే పెద్ద అణువు అది, క్షీరదాల కణాల్లోనే చేయించాలి. ఎలుక కణితి నుంచి తీసే లామినిన్ చవకగా దొరుకుతుంది కానీ అది 111 రకం. పరిణత కండరానిది 211. కండరంలో ప్రొటీన్లను కోసే ఎంజైము కాల్పెయిన్-3కు వేరే తలనొప్పి ఉంది. అది నిమిషాల్లో తనను తానే కోసుకుంటుంది. చెక్కుచెదరని అణువు కావాలంటే 129వ స్థానంలోని సిస్టీన్‌ను సెరీన్‌గా మార్చిన నిష్క్రియ రూపం తీసుకోవాలి. అప్పుడు బంధాలు చూడవచ్చు, ఎంజైము చర్య మాత్రం చూడలేం.

యాంటీబాడీ పరీక్షకు ప్రొటీన్ కావాలంటే ఖరీదైనది ఎందుకు? యాంటీబాడీ గుర్తించే ప్రాంతం ఉన్న చిన్న ఈ. కోలై ముక్క చాలు. యాంటీబాడీని ముందే ఆ ముక్కతో కలిపితే అసలు బ్యాండ్ మాయమవ్వాలి. ఆ ముక్కనే డిస్ట్రోఫిన్ కొలతకు ప్రమాణంగా వాడటం మాత్రం నేను ఒప్పుకోను. 40 కిలోడాల్టన్ల ముక్క జెల్ నుంచి, యాంటీబాడీతో పరీక్షించే పొర మీదికి సులువుగా దాటుతుంది, 427 కిలోడాల్టన్లది అతికష్టం మీద దాటుతుంది. ఈ రెండింటి వెలుగును పోల్చి శాతాలు చెప్పడం న్యాయం కాదు. ఈ శాతాలు చిన్న విషయమూ కాదు. 2016లో డుషేన్ రోగానికి వాడే ఎటెప్లిర్సెన్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు చర్చ నడిచింది సాధారణ స్థాయిలో 0.93 శాతం డిస్ట్రోఫిన్ గురించే. అంత తక్కువ స్థాయిలో కొలవాలంటే ఆరోగ్యవంతుల కండర సారాన్ని డిస్ట్రోఫిన్ లేని సారంతో మెట్లుమెట్లుగా పలుచన చేసి వాడాలి, లేదా పూర్తి పొడవు రీకాంబినెంట్ ప్రొటీన్‌ను అదే సారంలో కలిపి వాడాలి.

జీవకణాల మీద పోసే ప్రొటీన్ అయితే ఇంకో జాగ్రత్త కావాలి. డిస్ట్రోఫిన్ కణం లోపలి ప్రొటీన్, కల్చర్ ద్రవంలో కలిపినంత మాత్రాన లోపలికి చేరదు. బయటి నుంచి పనిచేసే ప్రొటీన్ల విషయంలో ఈ. కోలై పొర నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషం పెద్ద ప్రమాదం. కండర కణాలు దానికి వాపు సంకేతాలతో స్పందిస్తాయి. కండర క్షీణతలో మనం వెతికేదీ ఆ సంకేతాలనే కనుక, మోసపోవడం ఎంతో తేలిక. ప్రొటీన్‌ను మరిగించి మళ్ళీ వేసి చూడండి. మడత చెడినా ప్రభావం అలాగే ఉంటే అది ఎండోటాక్సిన్ పని అని అనుమానించాలి, ఎందుకంటే అది అంత తేలిగ్గా వేడికి లొంగదు. ఇలాంటి ప్రయోగాలకు మానవ కణాల్లో చేసినదే తీసుకుని, దానికీ ఎండోటాక్సిన్ కొలత అడగండి.

తెప్పించే ముందు నేను చూసేవి మరికొన్ని ఉన్నాయి: ఏ అమైనో ఆమ్లం నుంచి ఏ అమైనో ఆమ్లం వరకు, తోక ఏమిటి, అది ఏ కొసన ఉంది, ఏ ద్రావణంలో నిల్వ చేశారు, బంధం లేదా చర్య కొలిచారా లేక జెల్ ఒక్కటే చూశారా. డిస్ట్రోఫిన్ అని పెద్ద అక్షరాలతో రాసి, లోపల 100 అమైనో ఆమ్లాల తునక పెట్టిన సీసాలు చూశాను. మొదలు, చివర అంకెలు చెప్పని సీసాను నేను తెప్పించను.