పెట్టె మీద రాయని టైమింగ్స్‌లోనే అసలు లాభం: 6000 సీఎల్30 ర్యామ్‌తో మూడు నెలలు

రైజెన్ 5 7600 ప్రాసెసర్‌కి మొదట డీడీఆర్5 5200, సీఎల్40 ర్యామ్ పెట్టాను. 5200 అనేది స్పీడు; సీఎల్ అంటే అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ ఎన్ని క్లాకులు తీసుకుంటుందన్న లెక్క. ఇలాంటి లెక్కలనే టైమింగ్స్ అంటారు. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) బాగానే ఉండేది. కానీ గేమ్‌లో జనం కిక్కిరిసిన వీధి మలుపు తిరిగితే చాలు, బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయేది. ఆ కుదుపు భరించలేకే 6000, సీఎల్30 కిట్ కొన్నాను. 16 జీబీ స్టిక్కులు రెండు.

సీఎల్ అంకె ఒక్కటే చూసి ర్యామ్ కొనకండి. దాన్ని 2000తో గుణించి ర్యామ్ స్పీడుతో భాగిస్తే అసలు ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. నా పాతదానికి 15.4, దీనికి సరిగ్గా 10. డీడీఆర్4 3200 సీఎల్16కి కూడా పదే వస్తుంది. అందుకని 30 అనగానే నెమ్మది అనుకోవక్కర్లేదు.

బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్ తయారీదారు ముందే ఇచ్చిన సెట్టింగులు) ఆన్ చేస్తే 30-38-38-96 టైమింగ్స్, 1.35 వోల్టులు వాటంతటవే సెట్ అయ్యాయి. మొదటిసారి స్క్రీన్ చాలాసేపు నల్లగా ఉండిపోయేసరికి టెన్షన్ వచ్చింది. అది మెమరీ ట్రైనింగ్, అంటే కొత్త ర్యామ్‌కి బోర్డు తనని తాను సర్దుకోవడం. పవర్ తీయకుండా ఓపిక పడితే చాలు. సగటు ఎఫ్‌పీఎస్ కొద్దిగానే పెరిగింది గానీ, ఆ మలుపు దగ్గర కుదుపు చాలావరకు పోయింది. నాకు కావలసింది అదే.

ఆ తర్వాత ఓవర్‌క్లాకింగ్, అంటే ఆ సెట్టింగులని నేనే ఇంకా బిగించడం మొదలుపెట్టాను. సీఎల్‌ని 28కి దించితే వోల్టేజీ పెంచాల్సి వచ్చింది, ఆటలో మాత్రం తేడా తెలియలేదు. మళ్లీ 30కే తెచ్చేశాను. తేడా చూపించినవి పెట్టె మీద రాయని రెండు టైమింగ్స్: టీఆర్ఎఫ్‌సీ, టీరెఫీ. ర్యామ్‌లో ప్రతి బిట్ ఒక బుల్లి కెపాసిటర్‌లో ఉంటుంది, అందులో చార్జ్ కారిపోతూ ఉంటుంది. దాన్ని మళ్లీ నింపే రిఫ్రెష్ జరుగుతున్నంతసేపూ ఆ ర్యామ్‌లోని డేటా కోసం ప్రాసెసర్ ఆగాల్సిందే. ఎంతసేపన్నది టీఆర్ఎఫ్‌సీ, ఎంతకోసారన్నది టీరెఫీ. ఆటోలో అవి సుమారు 884, 11,700 క్లాకులు ఉండేవి. నేను 500, 50,000 పెట్టాను. మిగిలిన చిన్న కుదుపులు కూడా తగ్గాయి.

రాత్రంతా మెమరీ టెస్ట్ నడిపాను, ఒక్క ఎర్రర్ లేదు. మర్నాడు సాయంత్రం గంట ఆడానో లేదో గేమ్ క్రాష్! సెన్సర్ చూస్తే స్టిక్కులు 63 డిగ్రీల దగ్గర ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు వేడి గాలి నేరుగా వాటి మీదకే వెళ్తోంది. వేడెక్కితే చార్జ్ ఇంకా త్వరగా కారిపోతుంది, అంత ఎడం పెట్టిన రిఫ్రెష్ అప్పుడు సరిపోదు. టీరెఫీని 32,000కి దించి, స్టిక్కుల మీదకి చిన్న ఫ్యాను తిప్పాను. ఆ రోజు నుంచి మళ్లీ క్రాష్ లేదు. మీరు టెస్ట్ చేసేటప్పుడు గ్రాఫిక్స్ కార్డుకి కూడా లోడు ఇవ్వండి.

ఈ కిట్‌తో నా ఫిర్యాదు ఒకటే: లైట్ల కోసం పైభాగం మరీ ఎత్తు చేశారు. కూలర్ ఫ్యానుని పైకి జరిపితే గానీ పట్టలేదు.

96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) ఉన్న రైజెన్ 7 7800ఎక్స్3డీ వాళ్లకి, 4కేలో ఆడేవాళ్లకి ఇంత తేడా కనిపించదు, ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టడం మేలు. తర్వాత ఇంకో రెండు స్టిక్కులు కలుపుకుందాం అనే ఆలోచన ఉంటే మానుకోండి. నాలుగు స్టిక్కులతో ఏఎం5 (ఈ ప్రాసెసర్ల సాకెట్) మీద 6000 స్పీడు నిలబెట్టడం చాలా కష్టం.