ఆటో ఫీడర్‌లో ఏ మేత పోయాలి: విశాఖ ఉక్కలో వాడి చూశాక

అక్వేరియానికి ఆటోమేటిక్ ఫీడర్ కొనేవాళ్లంతా ఫీడర్ గురించే అడుగుతారు. ఏ కంపెనీ, బ్యాటరీదా యూఎస్‌బీదా, రోజుకి ఎన్నిసార్లు తిరుగుతుంది అని. కొన్నేళ్లుగా వాడుతున్నవాడిగా చెప్తున్నా, డ్రమ్ము (మేత పోసే గుండ్రటి డబ్బా) తిరిగే రకాలన్నీ కాస్త అటూ ఇటూగా ఒకటే, తేడా అంతా అందులో పోసే మేతలో ఉంది. ఒకే ఫీడర్ ఒక మేతతో నెలల తరబడి ఏ గొడవా లేకుండా తిరిగింది, ఇంకో మేత పోస్తే వారం తిరక్కుండానే మూతి మూసుకుపోయింది.

మాది విశాఖ. సముద్రం పక్కనే కాబట్టి ఏడాదిలో ఎక్కువ రోజులు ఉక్కే, పైగా ఫీడర్ కూర్చునేది సరిగ్గా నీళ్ల మీద. అందుకే హైదరాబాద్‌లో ఎండాకాలం వాడి ‘సూపర్’ అని రాసిన మేత మా దగ్గర జూలైలో పనికిరాకపోవచ్చు. నాది మూడడుగుల ట్యాంకు, నియాన్ టెట్రాలు, గప్పీలు, అడుగున తిరిగే కోరీలు ఉన్నాయి. మా చిన్నోడి గోల్డ్‌ఫిష్ ట్యాంకు వేరే.

ముందు ఫ్లేక్స్ సంగతి తేల్చేద్దాం. చేత్తో వేసుకునేవాళ్లకి బాగానే ఉంటాయి, ఫీడర్‌లో మాత్రం వద్దు. పల్చటి రేకులు కదా, గాలిలో తేమంతా పీల్చేసుకుని, మూత సరిగ్గా పెట్టని డబ్బాలో అప్పడాల్లా మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆ ముద్ద మూతి దగ్గర అడ్డం పడితే రెండు మూడు రోజులు ఒక్క రేకూ రాలదు, ఆ తర్వాత ఏదో ఒక తిరుగుడులో మొత్తం ఊడి ఒకేసారి నీళ్లలో పడుతుంది. ఆ రెండు రోజుల పస్తుకి ఎదిగిన చేపలకి ఏమీ కాదు, ఒకేసారి పడిన ఆ ముద్ద కుళ్లి అమ్మోనియా పెరిగితేనే ప్రమాదం. నలిపి పోస్తే సరిపోతుంది అనేవాళ్లున్నారు గానీ, నలిపితే వచ్చే పొడి మూతి అంచుకి పేరుకుని ఇంకా తొందరగా గట్టిపడుతుంది.

చేపలకి మేతగా వేసే ఎండబెట్టిన పురుగులు, అంటే బ్లడ్‌వార్మ్‌లు, ట్యూబిఫెక్స్ గడ్డలు కూడా అంతే. తేలిగ్గా ఉండి డ్రమ్ము ప్లాస్టిక్‌కి అంటుకుపోతాయి, ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. వారానికోసారి చేత్తో వేసుకోండి చాలు.

నిలిచింది గ్రాన్యూల్సే. గుండ్రంగా, గట్టిగా, అన్నీ ఒకే సైజులో ఉండి, నెమ్మదిగా మునిగేవి. నేను ఎక్కువ కాలం వాడినవి రెండు. టెట్రా బిట్స్ డ్రమ్ములో బాగా జారుతుంది, కాసేపు పైన తేలి తర్వాత కిందికి దిగుతుంది కాబట్టి గప్పీలకి పైనా కోరీలకి అడుగునా అందుతుంది, కాకపోతే చిన్న నియాన్ల నోటికి ఆ గింజ కొంచెం పెద్దది. వాటికి హికారీ మైక్రో పెల్లెట్స్ బాగా సరిపోయాయి. గింజ చాలా సన్నం కాబట్టి ఫీడర్ మూతి తలుపు దాదాపు మూసినంత చిన్నగా పెట్టాలి, లేకపోతే ధారగా పోస్తుంది. ధర చూసి వెనక్కి తగ్గకండి, ఫీడర్ వాడకంలో చిన్న డబ్బా చాలా రోజులొస్తుంది. పెద్ద డబ్బా కొంటేనే నష్టం, మూత తీశాక విటమిన్లు తగ్గుతూ పోతాయి, నూనె పదార్థం ముక్కిపోతుంది. షాపులో కేజీల లెక్కన తెచ్చి జిప్ కవర్లలో కట్టి అమ్మే మేత మీద తేదీయే ఉండదు, దాని జోలికి నేను పోను.

రెండు రకాలు కలిపి పోద్దాం అని చాలామందికి అనిపిస్తుంది. సైజులు వేరైతే కలపొద్దు. డ్రమ్ము తిరిగేకొద్దీ సన్నవి కిందికి జారి ముందు అవే బయటికి వస్తాయి, పెద్దవి ఆఖర్న మిగులుతాయి, అంటే మొదటి వారం ఒక మేత, రెండో వారం ఇంకో మేత పెట్టినట్టే. కోరీల కోసం వేఫర్లు (అడుగుకి మునిగే బిళ్లల మేత) ముక్కలు చేసి పోయడమూ దండగే, వంకర ముక్క ఒక్కటి ఇరుక్కుంటే అంతా ఆగిపోతుంది.

ఎంత పడుతోందో తెలియాలంటే ట్యాంకు మీద పెట్టేముందు తెల్ల కాగితం మీద ఫీడర్‌ని నాలుగైదు సార్లు తిప్పి చూడండి. డ్రమ్ము నిండుగా ఉన్నప్పుడు పడినంతే సగం ఖాళీ అయ్యాకా పడుతుందనుకోకండి, రెండు రకాలుగానూ చూడాలి. ఆ తర్వాత నేను వాడే పద్ధతి రొయ్యల చెరువుల నుంచి తెచ్చుకున్నది. భీమవరం దగ్గర చెరువులు చేసే మా మావయ్య చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో దించే పళ్లెం) పైకి లాగి, మేత మిగిలిందా లేదా చూసి గానీ తర్వాతి పూట లెక్క చెప్పడు. వాళ్లకి పెట్టుబడిలో సగానికి పైగా మేత ఖర్చే మరి. నేనూ ఫీడర్ కింద అడుగున చిన్న గాజు గిన్నె పెట్టాను. గంట తర్వాత అందులో గింజలు కనిపిస్తే మూతి ఇంకాస్త మూస్తాను. ఫీడర్‌ని ఫిల్టర్ పీల్చే వైపు మాత్రం పెట్టకండి, మేతంతా స్పాంజిలోకి పోతుంది.

తేమకి ఉన్న మందులు కొన్నే. ఎయిర్ పంపు ట్యూబు తగిలించే చోటున్న ఫీడర్ అయితే తప్పకుండా తగిలించండి. గదిలో గాలీ ఉక్కే అయినా నీళ్ల మీద ఆవిరి కంటే నయం. ఎయిర్ స్టోన్ బుడగలు చిట్లే చోటికి ఫీడర్ దూరంగా ఉండాలి. డ్రమ్ములో వారం పది రోజులకి మించి మేత పోయొద్దు. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు డ్రమ్ములో వేయకండి, మేత డబ్బాలో వేసుకోండి.

కరెంటు గురించి ఎవరూ రాయరు గానీ మా ఊళ్లో అదే పెద్ద టెన్షన్. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫిల్టర్ ఆగిపోతుంది, బ్యాటరీ ఫీడర్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. శుభ్రం చేసేది లేకుండా మేత ఒక్కటే పడుతూ ఉంటే ట్యాంకు ఎంతసేపు తట్టుకుంటుంది? అందుకే సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు రోజుకి ఒక్క పూటే పెడతాను, అదీ మామూలు దాంట్లో సగం. మూడు నాలుగు రోజులకైతే ఫీడర్ ఆపేసే వెళ్తాను. ఊరెళ్లేటప్పుడు నీళ్లలో వేసి వెళ్లే మేత దిమ్మలు, వెకేషన్ బ్లాకులు, నాకు నచ్చలేదు, కరిగి నీళ్లు తెల్లబడతాయి.

గోల్డ్‌ఫిష్‌కి మాత్రం మునిగే పెల్లెట్లే వేస్తాను, చిన్న సైజువి, కొంచెం కొంచెంగా రెండు పూటలు. వాటికి పొట్ట సంచి ఉండదు, తిన్నది నేరుగా పేగుల్లోకే పోతుంది, అందుకే ఒకేసారి ఎక్కువ పడకుండా చూస్తాను. తేలేవి వేస్తే పైకొచ్చి గాలి కూడా మింగుతాయి. ఈ ట్యాంకుకి రెండు పూటలూ టైముకి వేసే ఫీడర్ నిజంగానే పనికొచ్చింది, ఎందుకంటే మా చిన్నోడు ఎదురుగా నిలబడితే అవి ఎప్పుడూ ఆకలేసినట్టే మొహం పెడతాయి, వాడు వేస్తూనే ఉంటాడు.