ఇసేలో రెండు రోజులు: ముందు గెకూ, తరవాతే నైకూ

జపాన్‌లోని షింటో పుణ్యక్షేత్రం ఇసే జింగూకు నేను మొదటిసారి వెళ్లినప్పుడు, నగోయాలో పొద్దున్నే రైలెక్కి, దిగగానే అక్కడి రెండు ముఖ్య ఆలయాల్లో ఒకటైన నైకూకు బస్సు పట్టుకుని, అంగళ్ల వీధి చూసుకుని సాయంత్రానికి తిరిగి వచ్చేశాను. ఇంత పెద్ద పేరున్న చోట చూడడానికి ఏమీ లేదే అని చాలా రోజులు మనసులో వెలితిగా ఉండేది. నవంబరు నెలాఖరులో అమ్మతో కలిసి మళ్లీ వెళ్లి, ఈసారి ఒక రాత్రి అక్కడే ఉన్నాను. ఇసేకు ఒక పూట చాలదు. అందులోనూ రెండో ఆలయం గెకూను వదిలేసి వెళ్లకూడదు.

ఇసే అంటే ఒక గుడి కాదు, చిన్నా పెద్దా కలిపి 125 ఆలయాలు. వాటిలో ముఖ్యమైనవి రెండు. సూర్యదేవత అమతెరాసు కొలువున్నది నైకూ, అంటే లోపలి ఆలయం. ఆహారానికి అధిదేవత అయిన తొయొఉకె ఉన్నది గెకూ, అంటే వెలుపలి ఆలయం. రెంటికీ మధ్య బస్సులో పావుగంట పైచిలుకు దూరం. ముందు గెకూ, తరవాత నైకూ దర్శించడం ఆచారం. ఒంటరిగా ఉంటే భోజనం సయించడం లేదని, తోడుగా తొయొఉకెను పిలిపించమని అమతెరాసు ఒక చక్రవర్తికి కలలో చెప్పిందని పాత కథ. అది వినగానే అమ్మ, "అయితే ఈవిడ అన్నపూర్ణమ్మ" అంది. ఆ రెండు రోజులూ గెకూను ఆ పేరుతోనే పిలిచింది.

నగోయా నుంచి కింటెట్సు రైలు సంస్థ వారి లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్‌లో ఇసేషి స్టేషనుకు దాదాపు గంటా ఇరవై నిమిషాలు. సీట్లు విశాలంగా ఉన్నాయి, పెద్దవాళ్లకు హాయిగా ఉంటుంది. జేఆర్ (జపాన్ రైల్వేస్) పాసు ఉన్నవాళ్లు 'మియె' అనే రైలెక్కవచ్చు కానీ, దారిలో కొంత దూరం అది వేరే సంస్థ పట్టాల మీద నడుస్తుంది కాబట్టి ఆ భాగానికి విడిగా డబ్బు కట్టాలి. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే రైల్లో కంగారు పడనక్కర లేదు.

బస స్టేషను దగ్గరే తీసుకోండి. సముద్రం కనిపించే గదులు కావాలనుకునేవాళ్లు తొబా వెళతారు. కానీ ఉదయపు నైవేద్యం చూడాలంటే గెకూకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండడమే మేలు. మేం దిగింది చాపల గది, నేల మీద పరుపులు ఉండే చిన్న సత్రంలో. శుభ్రతకు వంక పెట్టలేం. అమ్మ మోకాళ్ల సంగతి చెప్పగానే అడగకుండానే పొట్టి కుర్చీ తెచ్చి వేశారు. ఒక్కటే కష్టం. చేప, మాంసం మేం తినం అని వారం ముందే రాసి పంపినా, పొద్దున పాలకూర మీద ఎండు బోనితో చేప తురుము చల్లి పెట్టారు. సూపు కూడా ఆ చేప కాచిన నీళ్లతో, అంటే దాషితో చేసిందే. వాళ్ల దృష్టిలో అది చేప కిందికి రాదు, రుచి కోసం వేసే దినుసు. మళ్లీ చెప్పాక అన్నం, ఊరబెట్టిన ఉమె అనే పుల్లటి పండు, సముద్రపు నాచు రేకులు తెచ్చారు. శాకాహారులు "చేప వద్దు" అని ఊరుకోకుండా, "దాషి కూడా వద్దు" అని ఆ మాటతోనే చెప్పాలి. ఊరంతా పేరున్న ఇసే ఉడోన్‌కూ ఇదే చిక్కు. వేలంత లావున్న మెత్తటి సేమ్యా మీద పోసే ఆ నల్లటి పులుసులో కూడా సాధారణంగా దాషి ఉంటుంది.

ఇక గెకూ. అక్టోబరు నుంచి మార్చి వరకు ఉదయం నైవేద్యం తొమ్మిదికి, మిగతా నెలల్లో ఎనిమిదికి. సాయంత్రం ఇంకొకసారి. రోజుకు రెండు పూటలా ఈ నివేదన సుమారు 1,500 ఏళ్లుగా సాగుతోందని ఆలయ సంప్రదాయం చెబుతుంది. అన్నం, నీళ్లు, ఉప్పు, ఎండు చేప, కూరగాయలు, పండ్లు, సాకె అనే బియ్యపు మద్యం. బియ్యం ఆలయం సొంత పొలంలో పండినది, ఉప్పు దగ్గరలోని ఫుతమి తీరంలో ఆలయం కోసమే వండినది. వంటకు నిప్పు మాత్రం ఏ రోజుకారోజు కొయ్యతో కొయ్యను రాపాడించి పుట్టిస్తారు. ఈ మాట చెప్పగానే అమ్మ నడక ఆపేసింది. "మనవాళ్లు యజ్ఞానికి అరణి మథించి నిప్పు తీస్తారు. వీళ్లు రోజూ వంటకే తీస్తున్నారా?" అంది. చిన్నప్పుడు తాతగారి ఊళ్లో జరిగిన యజ్ఞంలో కవ్వంలా తాడు లాగుతూ రావి కొయ్యను తిప్పడం, పొగ రాగానే అందరూ ముందుకు వంగడం ఆమెకు ఇంకా గుర్తు.

మేం కొంచెం దూరంలో నిలబడ్డాం. ముందు వినిపించింది చప్పుడు. అర్చకులు తొడుక్కునే నల్లటి చెక్క పాదరక్షలు గులకరాళ్ల మీద కరకరమన్నాయి. తెల్లని బట్టల్లో వరసగా వచ్చారు, నైవేద్యం ఉన్న కొయ్య పెట్టెను ఇద్దరు మోస్తున్నారు. ఎవరూ ఎటూ చూడలేదు, మంత్రం వినిపించలేదు, గంట మోగలేదు. కంచె వెనక్కి వెళ్లిపోయారు. మనకు కనిపించేది అంతే, రెండు మూడు నిమిషాలు. అమ్మ కళ్లు తుడుచుకుంది. మొదటిసారి నేను పోగొట్టుకున్నది ఇదే.

ప్రధాన ఆలయం పక్కనే అంతే వైశాల్యంలో ఖాళీ స్థలం ఉంది. నేలంతా రాళ్లు పరిచి, మధ్యలో చిన్న కొయ్య కప్పు మాత్రం ఉంటుంది. తరవాతి ఆలయం అక్కడే లేస్తుంది. 20 ఏళ్లకొకసారి పక్క స్థలంలో అచ్చంగా అలాంటిదే కట్టి, దేవతను అక్కడికి తరలించే ఈ ఆనవాయితీ 690లో నైకూలో మొదలైంది. యుద్ధాల కాలంలో 120 ఏళ్లకు పైగా ఆగినా, 2013లో జరిగింది 62వది. 63వది 2033లో. దానికి తొలి క్రతువులు 2025లోనే జరిగాయి. మన దగ్గర పాత గుడి అంటే పాత రాయి. ఇక్కడ కొయ్యకు వయసు లేదు, చేతి పనికి ఉంది. కుర్రవాడిగా ఒకసారి చూసి, నడివయసులో తన చేత్తో కట్టి, ముసలితనంలో పక్కన నిలబడి నేర్పించడానికి ఒక వడ్రంగి జీవితంలో ఇరవై ఏళ్ల ఎడం సరిగ్గా సరిపోతుంది. గెకూ ఆవరణలోనే ఉన్న సెంగూకాన్ ప్రదర్శనశాలలో ఆలయంలో కొంత భాగాన్ని అసలు కొలతలతో కట్టి పెట్టారు. ప్రవేశం 300 యెన్‌లు. కంచె బయటి నుంచి గడ్డి కప్పు కొన మాత్రమే కనిపించే గుడిని దగ్గరగా చూడడానికి ఇంతకంటే మంచి చోటు లేదు, తప్పక వెళ్లండి. కొండ మీది తక-నొ-మియ ఆలయానికి 98 మెట్లు. అమ్మ కిందనే కూర్చుంది.

మధ్యాహ్నం నైకూ. ఇసుజు నది మీద ఉజి వంతెన దాటి, నది ఒడ్డున మెట్ల దగ్గర చేతులు కడుక్కోవచ్చు. నీళ్లు చల్లగా, అడుగున గులకరాయి కనిపించేంత తేటగా ఉన్నాయి. గర్భాలయం ముందు మెట్ల దాకానే ఫొటోలు, ఆ పైన తీయకూడదు. రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. సొంత కోరికలు ఇక్కడ అడగరు, కృతజ్ఞత చెప్పుకుంటారు. కోరికలుంటే వెనక ఉన్న అరమత్సురి-నొ-మియ ఆలయంలో చెప్పుకుంటారు. ప్రధాన ఆలయ ద్వారానికి తెల్లని తెర వేలాడుతుంది. మేం చేతులు జోడించి నిలబడ్డప్పుడు గాలికి అది ఒక్కసారి లేచింది. లోపల ఇంకో కంచె, ఇంకో ద్వారం కనిపించాయి. అమ్మకు అది చాలు. "తిరుమలలో కూడా మనకు దొరికేది ఈ క్షణమేగా" అంది.

బయటి ఒహరాయ్-మచి వీధి అందంగానే ఉంటుంది కానీ మధ్యాహ్నం తోపులాట. అక్కడ వదులుకోకూడనిది 1707 నుంచి పేరున్న అకఫుకు మాత్రమే. మెత్తటి బియ్యపు ముద్ద మీద ఎర్ర చిక్కుళ్ల తీపి పూర్ణం. మన పూర్ణం బూరెలు ఇష్టమైనవాళ్లకు నచ్చి తీరుతుంది. అమ్మ తృప్తిగా తిన్న భోజనం అదే.

తిరిగి వచ్చేటప్పుడు వంతెన బయటి కొసన ఉన్న తోరణ స్తంభానికి అమ్మ అరచెయ్యి ఆనించి, ఇదెప్పటిదని అడిగింది. 1993లో గెకూ ఆలయానికి స్తంభం. ఇరవై ఏళ్లు అక్కడ మోసి, ఇక్కడికి తోరణమై వచ్చింది. "అప్పుడు నువ్వు రెండో తరగతి" అంది అమ్మ. ఇక్కడ పని అయ్యాక కువానా రేవుకు వెళ్లి అక్కడ తోరణంగా నిలబడుతుందని చెప్పాను. మా రైలు ఆ ఊరి మీదుగానే వెళుతుంది. కువానా వచ్చినప్పుడు లేపమని చెప్పి అమ్మ కళ్లు మూసుకుంది. లేపాను. చీకటి పడిపోయింది, స్టేషను దీపాలు తప్ప ఏమీ కనిపించలేదు. అయినా అద్దానికి నుదురు ఆనించి రైలు కదిలేదాకా చూసింది.